రెండు కార్లలోనూ లేని పెద్దక్క

"మీతో వచ్చిన నాలుగో ఆవిడ ఇంకా ఓడ ఎక్కలేదండీ."

తలుపు దగ్గర నిలబడిన ఓడ ఉద్యోగిని ఆ మాట చెప్పడం అది రెండోసారి. మొదటిసారి ఎవరూ తలెత్తలేదు. పెద్దతమ్ముడు మంచం మీద కూర్చుని అరికాళ్లకి మందు రాసుకుంటున్నాడు. పక్క గదిలో చిన్నతమ్ముడు పళ్లెం ఒళ్లో పెట్టుకుని కేకు తింటున్నాడు. రెండు గదులకీ మధ్య ఒక తలుపుంది. అది ఎప్పుడూ తెరిచే ఉండాలని పట్టుబట్టిన మనిషే ఇప్పుడు కనబడటం లేదు.

"మీ ఆయన్ని అడుగమ్మా, అక్క మీ కారులో రాలేదా అని" అన్నాడు పెద్దతమ్ముడు.

ఆ మాట అన్నది మధ్యతలుపు గడప మీద నిలబడ్డ నర్సమ్మతో. ఆవిడ చిన్నతమ్ముడి భార్య. ఆసుపత్రిలో పనిచేస్తుంది కాబట్టి వీళ్ల లాండ్రీలో పనివాళ్లంతా ఆవిడని నర్సమ్మ అంటారు. ఇంట్లోనూ అదే పేరు స్థిరపడిపోయింది. అన్నగారు అన్నది తమ్ముడికి శుభ్రంగా వినబడింది. అయినా ఆయన భార్య వంకే చూసి జవాబిచ్చాడు.

"అన్నయ్య కారులోనే వచ్చిందని చెప్పు."

"మా కారులో రాలేదని చెప్పమ్మా."

"మరి మన కారులోనూ లేదుగా. నువ్వు చూశావుగా. ఆ సంగతి చెప్పు."

ఏడాదిన్నరగా ఈ మాటలన్నీ మోసిన మనిషి పెద్దక్క. లాండ్రీలో అన్నదమ్ములకి చెరో కౌంటరు. ఇస్త్రీ బల్ల దగ్గర కూర్చునే పెద్దక్క రోజుకి ఇన్నిసార్లని లేకుండా లేచి ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేస్తుంది. మోకాళ్లు అరిగాయంటే ఆశ్చర్యమేముంది. ఆవిరి యంత్రం కొనాలా వద్దా అన్న దగ్గర మొదలైన పేచీ అది. యంత్రం వచ్చింది, పాతబడింది కూడా. వీళ్ల మూతులు మాత్రం విడలేదు. ఈ ఓడ ప్రయాణం కూడా పెద్దక్క ఆలోచనే. సముద్రం మధ్యలో ఎటు పోతారు, మాట్లాడుకోక చస్తారా అని ఇద్దర్నీ బతిమాలి బయల్దేరదీసింది.

సముద్రం మధ్యలోనూ మాట్లాడుకోలేదు. ఊరు చూడటానికి దిగితే అందరూ ఎక్కే ఓడ వాళ్ల బస్సు వద్దన్నారు. ఒకే బస్సులో కూర్చోవాలిగా మరి. రెండు కార్లు మాట్లాడుకున్నారు. ఎవరికీ లోటు రాకూడదని పెద్దక్క వెళ్లేటప్పుడు పెద్దతమ్ముడి కారు, వచ్చేటప్పుడు చిన్నతమ్ముడి కారు అని తనని తాను రెండు ముక్కలుగా పంచిపెట్టింది.

"ఆఖర్న ఎక్కడ ఆగారు?" అని అడిగింది ఉద్యోగిని.

"కొండమీద లైట్‌హౌసు దగ్గర" అంది నర్సమ్మ. "నాకు తలనొప్పిగా ఉంటే కారులోనే కళ్లు మూసుకుని పడుకున్నాను. కారు కదిలాక వదిన ఏదని అడిగాను. అన్నయ్య కారెక్కింది, నువ్వు పడుకో అన్నారు ఈయన."

"అనుకున్నాను కాబట్టి అన్నాను" అన్నాడు చిన్నతమ్ముడు.

ఉద్యోగిని ముఖంలో కోపం లేదు, జాలీ లేదు. ఇలాంటి కుటుంబాలని చాలా చూసినట్టుంది. "మా బస్సులో వెళ్లుంటే బస్సు వచ్చేదాకా ఆగేవాళ్లం. బయట కార్ల కోసం ఓడ ఆగదు. పొద్దున మైకులో చెప్పాం, తలుపు కింద కాగితం కూడా పెట్టాం. ఇంకాసేపట్లో ఓడ ఎక్కే వంతెన తీసేస్తారు. ఆవిడకి ఫోను చేశారా?"

నర్సమ్మ అప్పటికే చేస్తోంది. ఫోను మోగింది. ఆ గదిలోనే మోగింది, పెద్దతమ్ముడి మంచం పక్కనున్న కుర్చీలోంచి. కుర్చీలో అన్నగారి టోపీ, దాని కింద పెద్దక్క చేతిసంచి ఉన్నాయి.

ఫోను మోగి మోగి దానంతటదే ఆగింది.

"బావగారూ, వదిన సంచి మీ కారులో ఉందా?"

"సీట్లో పెట్టి లైట్‌హౌసు చూడ్డానికి దిగింది. నేనే పైకి తెచ్చాను. పారేసి రమ్మంటావా?"

"సంచి కోసమైనా మీ కారు దగ్గరికి వచ్చేదిగా. అది సీట్లో ఉండగా ఎలా బయల్దేరారు?"

పెద్దతమ్ముడు మందు డబ్బా మూత బిగించాడు. బిగించిన మూతనే మళ్లీ బిగించాడు.

"వచ్చేటప్పుడు అక్క మీ కారులో రావాలి. అది వాడి వంతు. వాడి కారు ఇంకా అక్కడే ఉంది. వాడి వెనక పడితే కొండ దిగేదాకా దుమ్ము తినాలని ముందు బయల్దేరదీశాను. అక్క బాత్‌రూమ్ వైపు నుంచి రావడం అద్దంలో కనబడింది. వాడున్నాడుగా, ఎక్కించుకుంటాడనుకున్నా. ఇందులో నా తప్పేముందో మీ ఆయన్నే అడుగు."

అంటే చూశాడు. నర్సమ్మ మెల్లగా భర్త వైపు తిరిగింది. ఆయన కేకు ముక్కని చెంచాతో రెండు చేస్తున్నాడు.

"మీకూ కనబడిందా?"

"ఏంటి?"

"వదిన. బయటికి రావడం మీరు చూశారా?"

"చూడకేం." ఆయన గొంతు సవరించుకున్నాడు. "బయటికొచ్చింది. అప్పటికి అన్నయ్య కారు మలుపు తిరుగుతోంది. అక్క మనవైపు చూసి చెయ్యెత్తింది."

"మీరేం చేశారు?"

"నేనూ చెయ్యెత్తాను."

"ఎత్తి?"

"డ్రైవర్ని పోనిమ్మన్నాను. సంచి అన్నయ్య కారులో ఉందిగా. దానికోసం ఆయనే వెనక్కి రావాలి. ఆయన వదిలేసి పోతే ప్రతిసారీ మనమే ఏరుకోవాలా? ఒక్కసారైనా ఆయనకి తెలిసిరావద్దూ?"

ఆయన మూతి పక్కన తెల్లటి క్రీము అంటుకుని ఉంది. మాట్లాడుతుంటే అది కూడా కదులుతోంది. నర్సమ్మ తన ఉద్యోగంలో చూడనిది లేదు. చీము తుడిచింది, వాంతులు ఎత్తింది, పుండులో పురుగులు ఏరింది. ఏనాడూ ముఖం చిట్లించిన మనిషి కాదు. ఇప్పుడు మాత్రం ఆ క్రీము మీంచి చూపు తిప్పేసుకుంది. ఈ మనిషి పక్కన ఇన్నేళ్లు పడుకున్నానా అనిపించింది. మోకాళ్ల నొప్పులతో ఒక ఆడమనిషి కొండమీద చెయ్యెత్తి నిలబడితే, ఈయన ఏదో పలకరింపులా తిరిగి చెయ్యెత్తి వచ్చాడు. వచ్చి వరసలో నిలబడి కేకు తెచ్చుకున్నాడు.

"లాకరు తెరవాలండీ" అంది ఉద్యోగిని. "ఆవిడ పాస్‌పోర్టు తీసుకెళ్లి రేవులో మా ఏజెంటుకి ఇస్తాం. ఆవిడ వచ్చేలోపు ఓడ వెళ్లిపోతే అది ఆయన దగ్గర ఉంటుంది. ఇంటికి చేరే ఏర్పాటు మాత్రం ఆవిడే చూసుకోవాలి. మీలో ఎవరైనా తోడు దిగుతామంటే ఇప్పుడే చెప్పండి."

లాకరు నంబరు అన్నదమ్ములకి తెలియదు. వాడికి చెప్పకు అని ఒకరు, ఆయనకి చెప్పకు అని ఇంకొకరు అంటే పెద్దక్క ఇద్దరికీ చెప్పకుండా మరదలికి చెప్పింది. నర్సమ్మ లాకరు తెరిచింది. నాలుగు పాస్‌పోర్టులూ ఒకే రబ్బరు బ్యాండు కింద ఉన్నాయి. వాటిని చేతిలో పట్టుకుని నిలబడింది.

"ఎవరు దిగుతున్నారు?"

పెద్దతమ్ముడు కిటికీలోంచి సముద్రం చూశాడు. "నేను దిగాలంటే దిగుతాననుకో. కానీ మనం ఇంటికెళ్లిన మర్నాడే హోటలు వాళ్లు దుప్పట్ల కాంట్రాక్టు తెస్తున్నారు. నేను లేకపోతే మీ ఆయన సంతకం పెట్టి కూర్చుంటాడు. తర్వాత అది తన సొంతమంటాడు."

"అదేదో నేను దిగితే అన్నయ్య పెట్టడూ?" అన్నాడు చిన్నతమ్ముడు. "చెప్పు, దిగమని చెప్పు. మొదట వదిలేసి వచ్చినవాళ్లే దిగాలి."

"చెయ్యి ఊపినవాణ్ని దిగమని చెప్పమ్మా."

"ఇద్దరూ దిగండి బావగారూ" అంది నర్సమ్మ. "సంతకం ఎవరూ పెట్టరు. పీడా పోతుంది."

"ఇద్దరమూనా?" అన్నాడు పెద్దతమ్ముడు. "ఒకే హోటల్లో ఉండాలా మేం? ఒకే విమానంలో రావాలా?"

ఆ మాట అనడానికి ఆయనకి సిగ్గు కలగలేదు. అదొక గట్టి అడ్డంకి అన్నట్టే చెప్పాడు. అవతలి గదిలో తమ్ముడు కూడా అవునన్నట్టు తలూపాడు. ఏడాదిన్నరలో అన్నదమ్ములు ఏకాభిప్రాయానికి వచ్చిన విషయం అదొక్కటే.

"నువ్వు దిగొచ్చుగా" అన్నాడు చిన్నతమ్ముడు ఉన్నట్టుండి. భార్యకి అర్థం కాలేదేమోనని వివరించాడు. "నువ్వు దిగితే మా ఇద్దరికీ ఏ పేచీ ఉండదు. ఆసుపత్రికి ఫోను చేసి సెలవు పొడిగించుకో. అక్కకి కూడా ఆడతోడు ఉన్నట్టుంటుంది."

"బాగానే ఉంది" అన్నాడు పెద్దతమ్ముడు సముద్రం వంక చూస్తూనే.

నర్సమ్మ రబ్బరు బ్యాండు తీసింది. రెండు పాస్‌పోర్టులు తిరిగి లాకరులో పడేసింది. రెండు తన దగ్గర ఉంచుకుంది. కుర్చీలోంచి చేతిసంచి తీసుకుంది. తలుపు దగ్గర ఆగి భర్తతో అంది.

"మూతి తుడుచుకో."

పెళ్లయిన దగ్గర్నుంచి ఆయన్ని మీరనే పిలిచింది. కోపంలోనూ, జ్వరంలోనూ, పురుడు పోసుకుంటున్నప్పుడూ మీరే. ఆయనకి అంతా అర్థమైనట్టు లేదు. చెయ్యి మాత్రం మూతి మీదకి వెళ్లింది.

కింది అంతస్తుకి దిగుతుంటే ఉద్యోగిని అడిగింది. "మీరు నిజంగానే దిగిపోతున్నారా, ఆవిడ కోసం చూడటానికేనా?"

"చూడటానికే" అంది నర్సమ్మ. అప్పటికి ఆవిడ ఉద్దేశం అంతే. వదిన వచ్చేదాకా వంతెన దగ్గర నిలబడి, ఎవరి కాళ్లయినా పట్టుకుని కాసేపు ఆపించి, ఎక్కించుకుపోదామనే అనుకుంది. ఇంకో సంగతి కూడా లోపల మెదులుతోంది. వదిన రాకపోతే రేపట్నుంచి ఆ గడప మీద నిలబడేది తనే. చెప్పమ్మా అని ఒకరు, చెప్పు అని ఒకరు. ఆసుపత్రికి వెళ్లేముందు కౌంటర్లలో, వచ్చాక ఇంట్లో. ఆ ఉద్యోగానికి జీతం ఉండదు, సెలవుండదు, వారసురాలు మాత్రం ఉంటుంది. వదిన మీద బెంగలో ఈ భయం ఎంత కలిసిందో విడదీసి చూసుకుంటే తన మీద తనకే రోత పుట్టింది.

గట్టు మీద ఎండ ఇంకా తగ్గలేదు. సిమెంటు మీద నూనె మరకలు, తెగిన తాళ్లు, చేపల వాసన. ఏజెంటు ఒక గొడుగు కింద కూర్చుని పళ్లు కుట్టుకుంటున్నాడు. తాళ్లు విప్పే మనుషులు చేతితొడుగులు వేసుకుని తయారుగా నిలబడ్డారు.

పైన డెక్కు మీద రెయిలింగు పొడవునా జనం. ఆలస్యంగా పరిగెత్తుకొచ్చేవాళ్లని చూడటం ప్రతి రేవులోనూ వాళ్లకి వినోదమట. గ్లాసులు చేతుల్లో పట్టుకుని, ఫోన్లు ముందే తెరిచి పెట్టుకుని ఉన్నారు. ఒకాయన తన పిల్లని భుజాల మీద ఎక్కించుకుని మరీ చూపిస్తున్నాడు. ఆ వరసలో ఈ చివర పెద్దతమ్ముడు, ఆ చివర చిన్నతమ్ముడు వచ్చి నిలబడ్డారు. కిందకి మాత్రం ఎవరూ దిగలేదు.

రేవు గేటు దగ్గర ఒక కూరగాయల వ్యాను ఆగింది. అందులోంచి పెద్దక్క దిగింది.

బండి లోపలికి రానివ్వరు. గేటు నుంచి ఓడ దాకా నడవాలి. పెద్దక్క రెండు అడుగులు నడిచి, ఓడ వంక చూసి, చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని పరిగెత్తింది. పరుగంటే పరుగు కాదు. ఒక కాలు పరిగెడుతుంటే ఇంకో కాలు ఈడ్చుకొస్తోంది. జుట్టు ముడి ఊడిపోయింది. పైనుంచి ఈలలు మొదలయ్యాయి. ఎవడో చప్పట్లకి తాళం కట్టాడు. అందరూ ఆ తాళానికి చప్పట్లు కొట్టారు. పెద్దక్క తడబడినప్పుడల్లా ఆగి, నిలదొక్కుకున్నప్పుడల్లా మళ్లీ కొట్టారు. ఫోన్లన్నీ ఆవిడ వైపే తిరిగి ఉన్నాయి.

నర్సమ్మ పైకి చూసింది. ఆ ముఖాల మీద ఉమ్మేయాలనిపించింది. అంత ఎత్తుకి చేరదు కాబట్టి ఊరుకుంది. వదినకి ఎదురు వెళ్లి రెక్క కింద చెయ్యి వేసి పట్టుకుంది. ప్రయాణానికని చీర మానేసి వేసుకున్న చొక్కా అంతా చెమట, కూరగాయల బుట్టల మట్టి. నాడి చూడబోతే పెద్దక్క చెయ్యి విదిలించుకుంది.

"నాకేం కాలేదు. వాళ్లిద్దరూ మాట్లాడుకున్నారా?"

నర్సమ్మకి ముందు అర్థం కాలేదు.

"నేను కనబడకపోయేసరికి కంగారుపడి ఉంటారుగా" అంది పెద్దక్క రొప్పుతూ. "రెండు కార్లూ పోయాక ఏడుపొచ్చింది. తర్వాత అనుకున్నా, పోనీలే, ఈ వంకనైనా మాట్లాడుకుంటారని. ఏమన్నాడు పెద్దాడు? ముందు ఎవరు పలికారు?"

ఆవిడ కళ్లలో ఆశ చూసి నర్సమ్మ అబద్ధం చెబుదామనుకుంది. అలాంటివి ఆసుపత్రిలో రోజూ చెబుతూనే ఉంటుంది. నోరు రాలేదు.

"ఎవరూ పలకలేదు వదినా. ఇద్దరూ నాతోనే మాట్లాడారు."

పెద్దక్క తలెత్తి రెయిలింగు రెండు చివరలూ చూసింది. వంతెన దగ్గర్నుంచి ఉద్యోగిని పిలిచింది. "ఇద్దరూ త్వరగా ఎక్కండి. ఇంక ఆపలేను."

పెద్దక్క వంతెన మీద ఒక కాలు పెట్టి వెనక్కి తీసుకుంది. చెప్పులు కింద పడేసి తొడుక్కుంది.

"నేనెక్కను. నా పాస్‌పోర్టు ఇలా ఇవ్వు."

"అదేంటి వదినా. ఇంత పరిగెత్తి వచ్చి?"

"ఎక్కితే మళ్లీ నాతోనే చెప్పుకుంటారు. నేను ఎక్కకపోతే ఇంకో దారి ఉండదుగా వాళ్లకి. నువ్వెళ్లు. నీ సంసారం నువ్వు చూసుకో."

ఇంకో దారి తనే అని నర్సమ్మ ఆవిడకి చెప్పలేకపోయింది. చెప్పే అవసరం కూడా లేకపోయింది. పైనుంచి చిన్నతమ్ముడు చేతులు నోటి చుట్టూ పెట్టి అరిచాడు.

"నువ్వెక్కేయ్. అక్క సంగతి అన్నయ్య చూసుకుంటాడు."

అన్నయ్య ఓడలోనే ఉన్నాడు. అదే రెయిలింగుకి ఆనుకుని ఉన్నాడు. గట్టు మీద ఉన్న అక్కని ఆయన అక్కడి నుంచి ఎలా చూసుకుంటాడో అడిగే ఓపిక కూడా నర్సమ్మకి లేదు. ఒళ్లంతా ఏదో జిడ్డు రాసినట్టు ఏవగింపుగా అనిపించింది. ఆ గదిలోకి వెళ్లి ఆ మంచం మీద ఆయన పక్కన పడుకోవాలన్న ఊహకే వంతెన నుంచి ఒక అడుగు దూరం జరిగింది.

"ఎంతమంది ఎక్కుతున్నారు?" అని ఉద్యోగిని అడిగింది.

"ఎవరూ ఎక్కడం లేదు. తీసేయండి."

పెద్దక్క ఏదో అనబోయింది. నర్సమ్మ వినలేదు. వంతెన పైకి లేచింది. తాళ్లు నీళ్లలో పడ్డాయి. ఓడకీ గట్టుకీ మధ్య మురికి నీళ్లు కనబడి, ఎడం పెరగడం మొదలైంది. పైన జనం ఇంకా గట్టిగా ఈలలు వేశారు. వాళ్లకిది అనుకోని బహుమతి.

అప్పుడు పెద్దక్క నర్సమ్మ మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "చూడు, చూడు."

పైన పెద్దతమ్ముడు జనాన్ని తోసుకుంటూ ఆ చివరికి నడిచాడు. చిన్నతమ్ముడు ఇటు తిరిగాడు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. మాటలు వినబడటం లేదు, మూతులు కదలడం కనబడుతోంది. ఒకరి వేలు ఇంకొకరి ముఖం దాకా వెళ్తోంది. పక్కవాళ్లు గట్టు వైపు తిప్పిన ఫోన్లని మెల్లగా వీళ్ల వైపు తిప్పుకున్నారు.

"మాట్లాడుకుంటున్నారే" అంది పెద్దక్క.

"తిట్టుకుంటున్నారు వదినా."

"తిట్టుకోనీ. మధ్యలో ఎవరూ లేరుగా."

ఆవిడ మునివేళ్ల మీద లేచి చూస్తోంది. నొప్పి మోకాలు కూడా గుర్తున్నట్టు లేదు. నర్సమ్మకి ఆవిణ్ని చూస్తే జాలి వేసింది, ఆ వెంటే విసుగూ వచ్చింది. ఇన్నాళ్లూ వాళ్లు మాట్లాడుకోకుండా బతకగలిగింది ఈవిడ నడిచినందువల్లే కదా.

పైన వేళ్లు దిగిపోయాయి. ఇద్దరూ చెరోవైపు తిరిగారు. మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ కూడా లేదు. చిన్నతమ్ముడు జేబులోంచి ఏదో తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

నర్సమ్మ ఫోను మోగింది. ఎత్తింది.

"నువ్వు చేసిన పని గురించి తర్వాత మాట్లాడతా" అన్నాడు ఆయన. "ముందు అన్నయ్యకి ఫోను చేసి ఒక మాట చెప్పు."

నర్సమ్మ పెట్టేసింది. వెంటనే మళ్లీ మోగింది. ఈసారి బావగారి నంబరు.

"ఎవరు, పెద్దాడా?" పెద్దక్క తొంగి చూసింది. గబగబా జుట్టు ముడి వేసుకుంది, కొంగులాగా భుజం మీద వేసుకున్న తువ్వాలుతో ముఖం తుడుచుకుంది. ఇస్త్రీ బల్ల దగ్గర్నుంచి కౌంటరు వైపు లేచేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది మనిషి. "ఏదో చెప్పాలనుకుంటున్నాడు పాపం. ఇలా ఇవ్వు, నేను మాట్లాడతా."

చెయ్యి చాపింది. నర్సమ్మ ఫోను గుప్పిట్లో బిగించి వెనక్కి పెట్టుకుంది.

"ఇవ్వవే" అంది పెద్దక్క. "ఓడ దూరమైతే సిగ్నలు పోతుంది."

ఫోను మోగుతూనే ఉంది. పెద్దక్క చాపిన చెయ్యి దించలేదు.